పేపర్లో వార్త, స్టోర్స్‌లో ఆర్డరు

ఫలానా కంపెనీ కొత్త ఫ్యాక్టరీ పెడుతోందని జిల్లా ఎడిషన్లో వార్త పడిన రోజు ఆ కంపెనీ పర్చేజ్ మేనేజరు ఫోను ఎత్తడు. ఎత్తినా వినపడేది ఒకటే మాట. "కంగ్రాట్స్ సార్, మీ విస్తరణ గురించి చదివాం. ఒక్క పది నిమిషాలు టైమిస్తే మా ప్రొడక్టు చూపిస్తాం." సిమెంటు వాళ్లు, సీసీ కెమెరాల వాళ్లు, బీమా ఏజెంటు, గెస్ట్‌హౌస్‌కి పరుపులు సప్లై చేసేవాళ్లు అందరూ అదే పూట అదే మాట అంటారు. సాయంత్రానికి ఆయనకు వీళ్లలో ఒక్కరి పేరు కూడా గుర్తుండదు.

వీళ్లు పేపరు చదివారు, కాదనలేం. కానీ కంపెనీ ఏం చేయబోతోందో చదివి అక్కడే ఆగిపోయారు. ఆ నిర్ణయం వల్ల లోపల ఎవరి నెత్తిన కొత్త పని పడింది, ఆ పనికి డబ్బు ఏ నెలలో కదులుతుంది అన్నది పేపర్లో ఉండదు. దాన్ని మనమే లెక్కగట్టాలి. ఈ అధ్యాయమంతా ఆ లెక్క గురించే.

ఈ లెక్క నేర్చుకోవడానికి హైటెక్ సిటీ కన్నా కామవరపుకోట మంచి చోటు అంటాను. నవ్వకండి. ఇక్కడి నుంచి బండి తీస్తే పూట తిరక్కుండా పెదవేగిలో ఆయిల్‌ఫెడ్ పామాయిల్ మిల్లు, దాంతోపాటు భారత ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ చూడొచ్చు. పోతేపల్లిలో గోద్రెజ్ ఆగ్రోవెట్ మిల్లు ఉంది. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెంలలో పొగాకు వేలం కేంద్రాలున్నాయి. తాడేపల్లిగూడెం వైపు వెళ్తే 3ఎఫ్ వాళ్ల నూనెల వ్యాపారం, కిందికి దిగితే కొల్లేటి అంచున చేపల చెరువులు, మేత గోడౌన్లు. హైదరాబాద్‌లో సేల్స్ టీము కంప్యూటర్ ముందు వారం కూర్చుని వెతికే సంగతిలో సగం మీకు టీ కొట్టు దగ్గరే చెవిన పడుతుంది. చెవిన పడినదాన్ని కాయితం మీదున్న వార్తతో కలిపి చూడటం అలవాటు చేసుకోవాలి, అంతే.

మన మండలం సంగతితోనే మొదలుపెడదాం. హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2023 ఆగస్టులో 'మనం చాక్లెట్' అనే కంపెనీ వాళ్లు షాపుతో కలిపి తమ కార్ఖానా తెరిచారు. మరుసటి ఏడాది టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ గొప్ప చోట్ల జాబితాలో దాన్ని చేర్చింది. వ్యవస్థాపకుడు చైతన్య ముప్పాల ఇంటర్వ్యూలు దేశమంతా వచ్చాయి. ఆ చాక్లెట్‌కు గింజలు పులిసేది ఎక్కడ? కామవరపుకోట మండలం తడికలపూడిలో. గోదావరి జిల్లాల కొబ్బరి, పామాయిల్ తోటల్లో అంతర పంటగా పండిన కోకో కాయల్లోంచి తీసిన గింజలు అక్కడికి వస్తాయి.

టైమ్ పత్రిక వార్త చూడగానే పది మందిలో తొమ్మిది మంది హైదరాబాద్ షాపుకే అభినందనల మెయిల్ పెట్టి ఉంటారు. షాపులో అమ్మకం పెరిగితే పులియబెట్టే చోట పని పెరుగుతుందని ఆలోచించినవాడు పదో మనిషి. కోకో గింజను చెక్క పెట్టెల్లో ఐదారు రోజులు పులియబెట్టాలి, మధ్యమధ్యలో తిరగెయ్యాలి. తర్వాత తేమ ఏడు శాతం దగ్గరికి వచ్చేదాకా ఎండబెట్టాలి. కాబట్టి చెక్క పెట్టెలు చేసే వడ్రంగి, ఎండబెట్టే తట్టలు, పాలీహౌస్ షీట్లు అమ్మేవాడు, తేమ మీటరు డీలరు, సంచుల వ్యాపారి వీళ్లందరికీ ఆ వార్తలో వాటా ఉంది. సంచుల వ్యాపారికైతే ఇంకో మెలిక కూడా. మామూలు గోనె సంచికి నార మెత్తబడటానికి వాడిన ఖనిజ నూనె వాసన ఉంటుంది, అది గింజకు పడుతుంది. నాణ్యమైన చాక్లెట్ చేసేవాడికి ఆ వాసన పడదు. అందుకే ఆహార పదార్థాల కోసం ఆ నూనె లేకుండా నేసిన గోనె సంచులు విడిగా ఉంటాయి. ఇది తెలిసినవాడు "సంచులు కావాలా సార్" అని అడగడు. "మీ గింజకు నూనె వాసన అంటని సంచి నా దగ్గరుంది, రెండు తెచ్చి ఇస్తాను, వారం రోజులు గింజ పోసి వాసన చూడండి" అంటాడు.

కోకోలోనే రెండో వార్త చూడండి, ఇది ఇంకా పెద్దది. ప్రపంచ కోకోలో సగానికి పైగా ఐవరీ కోస్ట్, ఘనా దేశాలదే. అక్కడ వాతావరణం, తెగులు కలిసి పంట దెబ్బతీసేసరికి 2024లో అంతర్జాతీయ ధర టన్ను పది వేల డాలర్లు దాటింది, ఆ డిసెంబరులో పన్నెండు వేలు కూడా దాటింది. ఆ వేడి ఇక్కడికీ తగిలింది. మన రైతు ఎన్నడూ చూడని ధర చూశాడు. 2025లో ధర దిగడం మొదలైంది, కంపెనీలు కొనడంలో వెనకడుగు వేశాయి, అన్‌సీజన్ గింజలు వద్దన్నాయి, రైతులు ఏలూరులో రోడ్డెక్కారు, చివరికి ప్రభుత్వం కలగజేసుకుంది. ఏడాది తేడాలో ఒకే పంట మీద రెండు వార్తలు. మొదటి వార్త వచ్చినప్పుడు తోటలో డ్రిప్పు, కొమ్మ కత్తిరించే పరికరాలు, కొత్త మొక్కలు అమ్మేవాడు రైతు దగ్గరికి పోవాలి, డబ్బు అక్కడుంది. రెండో వార్త వచ్చినప్పుడు రైతు దగ్గరికి పోయినవాడు తిట్లు తిని వస్తాడు. అప్పుడు పోవాల్సింది కొనే కంపెనీ దగ్గరికి, గింజ నాణ్యత మీద వాళ్లు పట్టు బిగించే కాలం అదే. తేమ మీటర్లు, గ్రేడింగు, నిల్వ గోడౌన్లు వీటి మాట అప్పుడు చెల్లుతుంది.

ఇక సమయం సంగతి. ప్రతి వార్త దగ్గరా దాని గడియారం ఒకటి ఉంటుంది. దాన్ని చదవడం నేర్పే పంట పామాయిల్‌ను మించి లేదు.

2021 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం 11,040 కోట్ల రూపాయలతో వంటనూనెల జాతీయ మిషన్‌ను ఆయిల్ పామ్ కోసం ఆమోదించింది. 2025-26 నాటికి అదనంగా 6.5 లక్షల హెక్టార్లలో తోటలు వేయించాలని లక్ష్యం. ఆ వార్త చదివిన రోజు పామాయిల్ మిల్లుకు బాయిలర్ ట్యూబులు అమ్మేవాడికి ఏం పని? ఏమీ లేదు. నర్సరీకి పాలిథిన్ సంచులు, నీడ వలలు, మైక్రో స్ప్రింక్లర్లు అమ్మేవాడికి మాత్రం ఆ వారమే పని. ఎందుకంటే మొలక తెచ్చాక నర్సరీలో ఏడాది పైగా పెంచాలి. తర్వాత తోటలో హెక్టారుకు 143 మొక్కలు నాటితే గెల కోతకు వచ్చేది నాలుగో ఏట. అంటే 2021 నాటి ప్రకటనకు మొలకలు తెచ్చి 2022, 2023లో నాటిన తోటల్లో గెలలు 2026, 2027లో దిగుతాయి.

గెల కోశాక ఇరవై నాలుగు గంటల్లో మిల్లు చేరాలి. ఆలస్యమైతే నూనెలో ఆమ్లం పెరిగి నాణ్యత పడిపోతుంది. కాబట్టి గెలలు వచ్చాక మిల్లు కడదామంటే కుదరదు, అవి దిగేనాటికి మిల్లు తిరుగుతూ ఉండాలి. మిల్లు సివిల్ పనులు, యంత్రాలు, కరెంటు, ట్రయల్ అన్నీ కలిపి ఏడాదిన్నర వేసుకోండి. ఇప్పుడు వెనక్కి లెక్కగట్టండి. ఇనుము, సిమెంటు అమ్మేవాడి కాలు ఎప్పుడు కదలాలి, మోటార్లు, ప్యానెల్ బోర్డుల వాడు ఎప్పుడు, వేబ్రిడ్జి వాడు ఎప్పుడు, క్యాంటీన్ కాంట్రాక్టరు ఎప్పుడు అన్నది వరసగా తేలుతుంది.

ఎంత పెద్ద మిల్లు కావాలో కూడా మీరే అంచనా వెయ్యొచ్చు. ఒక మిల్లు పరిధిలో పది వేల హెక్టార్ల ముదురు తోట ఉందనుకోండి. హెక్టారుకు పదిహేను టన్నుల గెలలు వేసుకుంటే ఏడాదికి లక్షన్నర టన్నులు. గంటకు 30 టన్నులు ఆడే మిల్లు రోజుకు ఇరవై గంటలు, ఏడాదికి 250 రోజులు నడిస్తే సరిగ్గా అదే లక్షన్నర. కానీ గెలలు ఏడాది పొడుగునా సమానంగా రావు, వానాకాలంలో ముంచుకొస్తాయి. ఆ నెలల్లో ఇదే మిల్లు చాలదు, గేటు ముందు ట్రాక్టర్లు బారు తీరతాయి. మరి ఆ పది వేల హెక్టార్ల లెక్క ఎలా తెలుస్తుంది? ఉమ్మడి రాష్ట్రంలో 1993లో చేసిన ఆయిల్ పామ్ చట్టం కింద ఏ మండలం ఏ ఫ్యాక్టరీదో జోన్లు కేటాయిస్తారు. మండలంలో ఎంత విస్తీర్ణం ఉందో ఉద్యాన శాఖ దగ్గర ఉంటుంది. రహస్యం ఏమీ లేదు. అడిగేవాళ్లు తక్కువ.

ధరల వార్త గడియారం దీనికి పూర్తిగా వేరు. 2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిల్ మీద మూల కస్టమ్స్ సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది. సెస్సులతో కలిపి 5.5 శాతం ఉన్నది 27.5 అయింది. ఇక్కడ గెల ధర ముడి నూనె ధరను పట్టుకుని నెలనెలా లెక్కవేస్తారు కాబట్టి వారాల్లోనే రైతు చేతికి ఎక్కువ డబ్బు వచ్చింది. 2025 మే 30న ముడి నూనె మీద మూల సుంకాన్ని సగానికి, అంటే 10 శాతానికి తగ్గించారు. మొత్తం 16.5 అయింది. రిఫైన్డ్ నూనె మీద మాత్రం 35.75 శాతం అలాగే ఉంచారు. రెండింటి మధ్య తేడా 19.25 శాతం. అంటే రిఫైన్డ్ దిగుమతి చేసుకునేకన్నా ముడి నూనె తెచ్చి ఇక్కడ శుద్ధి చేసుకోవడమే లాభం. తోటల వాళ్లకు చేదుగా ఉన్న ఆ వార్తే కాకినాడ తీరంలో రిఫైనరీలకు పండగ. ఫిల్టర్ బట్ట, బ్లీచింగ్ మట్టి, టిన్నులు, పౌచ్ ఫిల్ము అమ్మేవాడు ఆ జూన్ మొదటి వారంలో కాకినాడలో ఉండాలి. డ్రిప్పు అమ్మేవాడు ఆ వారం ఇంట్లో ఉంటే నష్టమేం లేదు.

పొగాకుది మరీ తేలిక. పొగాకు బోర్డు ఏటా పంట విస్తీర్ణం ముందే నిర్ణయిస్తుంది, వేలం తేదీలు ప్రకటిస్తుంది, బేలు అమ్మాక డబ్బు రైతు ఖాతాలో పడుతుంది. క్యాలెండరు వాళ్లే మీ చేతికి ఇస్తున్నారు. ఇక్కడ పరిశోధన అంటూ పెద్దగా చెయ్యనక్కర్లేదు.

ఇప్పుడు వార్త ఎక్కడ దొరుకుతుందో చూద్దాం. పేపరు, టీవీ ఆఖరి మెట్టు. వాటికన్నా ముందు మెట్లున్నాయి.

స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీలైతే సెబీ నిబంధనల ప్రకారం ముఖ్యమైన నిర్ణయాలు గంటల వ్యవధిలో ఎక్స్‌ఛేంజీకి చెప్పాలి. మూడు నెలలకోసారి ఫలితాలు 45 రోజుల్లో, ఏడాది ఫలితాలు 60 రోజుల్లో ఇవ్వాలి. 2017 అక్టోబరులో లిస్టయిన గోద్రెజ్ ఆగ్రోవెట్, కొవ్వూరులో మేత ఫ్యాక్టరీ ఉన్న అవంతి ఫీడ్స్, రుచి సోయా పేరు మారి వచ్చిన పతంజలి ఫుడ్స్ ఇవన్నీ ఆ కోవలోవే. ఫలితాల తర్వాత పెట్టుబడిదారులతో జరిగే ఫోన్ కాల్ మొత్తం అక్షరాల్లోకి మార్చి వెబ్‌సైట్లో పెడతారు. ఛైర్మన్ మొదట చదివే ప్రసంగం వదిలెయ్యండి, అది గోడకు వేసిన సున్నం. తర్వాత వచ్చే ప్రశ్నలు, జవాబులు చదవండి. "ఆ ప్లాంటు మొదలు కావడం ఒక క్వార్టరు ఆలస్యమైంది", "కెపాసిటీలో ఇంత శాతమే వాడుతున్నాం", "రవాణా ఖర్చు మీద పని చేస్తున్నాం" ఇలాంటి మాటలు అక్కడ దొర్లుతాయి. ఆలస్యమైందని ఒప్పుకున్న ప్లాంటులో ప్రాజెక్టు మేనేజరు మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించండి. సరుకు రెండు వారాలు ముందు దింపగలిగినవాడు ఆయనకు దేవుడు, ధర రెండు రూపాయలు ఎక్కువైనా సరే.

మన జిల్లాలో చాలా కంపెనీలు లిస్టు కానివి, కుటుంబాల చేతుల్లో ఉన్నవి. వాటి సంగతి ఎలా తెలుస్తుందని చాలామంది అక్కడే వదిలేస్తారు. నాకు తెలిసి సేల్స్‌లో ఉన్నవాళ్లు అతి తక్కువగా వాడుకునే మంచి కాయితం ఇక్కడే ఉంది. బ్యాంకు నుంచి పెద్ద అప్పు తీసుకున్న ప్రైవేటు కంపెనీలు చాలావాటికి క్రిసిల్, ఇక్రా, కేర్ లాంటి సంస్థలు రేటింగ్ ఇస్తాయి. ఆ రేటింగ్ ఎందుకిచ్చారో వివరిస్తూ మూడు నాలుగు పేజీల నోటు వాళ్ల వెబ్‌సైట్లో ఉచితంగా ఉంటుంది. కంపెనీ పేరు కొడితే వస్తుంది. ప్లాంటు ఎక్కడ, కెపాసిటీ ఎంత, కొత్తగా ఏం కడుతున్నారు, అందులో అప్పు ఎంత, ఎప్పటికి పూర్తి చేస్తామంటున్నారు, సరుకు ఎవరికి అమ్ముతున్నారు అన్నీ అందులో దొరుకుతాయి. పెద్ద పత్రిక విలేకరి కూడా బయటకు తీయలేని వివరం అది.

ఆ నోటులో ఇంకో లాభం ఉంది. వర్కింగ్ క్యాపిటల్ పరిమితి తొంభై శాతం పైన వాడుతున్నారని రాసి ఉంటే మీ బిల్లు ముప్పై రోజుల్లో రాదని ముందే తెలుసుకున్నట్టు. రేటింగ్ పక్కన "ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్" అని ఉంటే ఆ కంపెనీ రేటింగ్ వాళ్లకు సమాచారం ఇవ్వడం మానేసిందని అర్థం. వాళ్లకు అరువు మీద సరుకు పంపేముందు రెండుసార్లు ఆలోచించండి. ఆర్డరు తెచ్చినవాడిని మెచ్చుకునే ఓనరే డబ్బు రాకపోతే ఆ ఆర్డరు తెచ్చింది ఎవడ్రా అంటాడు.

కంపెనీల చట్టం ప్రకారం ఆస్తిని తనఖా పెట్టి అప్పు తీసుకుంటే 30 రోజుల్లో ఆ వివరం రిజిస్ట్రారు దగ్గర నమోదు చెయ్యాలి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో అది కనపడుతుంది. కొత్త తనఖా నమోదైందంటే బ్యాంకు సంతకం అయిందని, ప్రాజెక్టు మాటల దశ దాటిందని గుర్తు. అలాగే ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన ప్రాజెక్టులకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు వేస్తారు. దానితోపాటు తెలుగులో కూడా ఒక సంక్షిప్త నివేదిక ఉంటుంది. ఏ బాయిలర్, ఎన్ని టన్నులు, నీళ్లు ఎక్కడి నుంచి, ఎంత మందికి పని అన్నీ అందులో రాసి ఉంటాయి. ఊళ్లో వాళ్లు దాన్ని ప్లాంటు వద్దనడానికో కావాలనడానికో చదువుతారు. మీరు సామాన్ల జాబితాలా చదవండి.

ఎంవోయూలకు మాత్రం తొందరపడకండి. 2025 నవంబరులో విశాఖ పెట్టుబడుల సదస్సులో లక్షల కోట్ల ఒప్పందాలు జరిగాయి. ఎంవోయూ అంటే ఉద్దేశం, అంతవరకే. రాష్ట్ర పెట్టుబడుల ప్రోత్సాహక బోర్డు ఆమోదం, భూమి రిజిస్ట్రేషను, కాలుష్య నియంత్రణ మండలి నుంచి నిర్మాణానికి అనుమతి వీటిలో ఏదో ఒకటి కనపడేదాకా ఆ కంపెనీని డైరీలో ఉంచండి, ఫోన్లోకి రానివ్వకండి. భూమి విషయంలో కొల్లేటి వైపు అమ్మేవాళ్లకు ఒక జాగ్రత్త అదనం. 1999లో ప్రభుత్వం జీవో 120తో +5 కాంటూరు దాకా కొల్లేరును అభయారణ్యంగా ప్రకటించింది. 2006లో సుప్రీంకోర్టు జోక్యంతో ఆ గీత లోపలి చేపల చెరువుల గట్లు పేల్చేశారు. ఏరేటర్లు, మోటార్లు అప్పు మీద ఇచ్చేముందు ఆ చెరువు గీతకు ఏ పక్కనుందో చూసుకోండి. కోర్టు వార్త కూడా కంపెనీ వార్తే.

చెడు వార్త వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నది దీనికన్నా కష్టమైన ప్రశ్న. మన సముద్ర ఉత్పత్తులకు అమెరికా అతి పెద్ద మార్కెట్. 2024-25లో మన ఎగుమతులు 745 కోట్ల డాలర్లయితే అందులో 271 కోట్లు అమెరికావే, ఎక్కువ భాగం రొయ్యలే. 2025 ఆగస్టులో ఆ దేశం మన సరుకు మీద మొదట 25 శాతం, అదే నెల 27 నుంచి మరో 25 శాతం సుంకం వేసింది. రొయ్యలకైతే యాంటీ డంపింగ్ సుంకం, సబ్సిడీ వ్యతిరేక సుంకం వీటికి అదనం. భీమవరం నుంచి ఏలూరు దాకా చెరువు గట్ల మీద రొయ్యల ధరలు పడిపోయాయి. ఆ వారం ప్రాసెసింగ్ ప్లాంటు మేనేజరుకు ఫోన్ చేసి "మా కొత్త ప్యాకింగ్ మెషీను" అన్నవాడి నంబరు బ్లాక్ అయ్యుంటే తప్పు ఆయనది కాదు.

కానీ ఆ వార్తకు అటూ ఇటూ ఇంకో రెండు వార్తలు నడిచాయి. అంతకుముందే జూలైలో బ్రిటన్‌తో వాణిజ్య ఒప్పందం మీద సంతకాలయ్యాయి. సెప్టెంబరులో ఐరోపా యూనియన్ మన ప్రాసెసింగ్ యూనిట్లను మరిన్ని ఆమోదిత జాబితాలో చేర్చింది. అమెరికా తలుపు ఇరుకైన కంపెనీ ఐరోపా వైపు చూస్తుంది కదా. ఐరోపాకు పంపాలంటే వచ్చే చిక్కు తెలిసినవాడికి తెలుసు. యాంటీబయాటిక్ అవశేషాల కోసం మన చెరువు రొయ్యల సరుకులో సగం కన్‌సైన్‌మెంట్లను 2016 నుంచి వాళ్లు అక్కడ దింపుకునేటప్పుడు పరీక్షిస్తున్నారు. ఒక్క కంటైనరు వెనక్కి వచ్చిందా, కంపెనీ పేరు ఎక్కకూడని జాబితాలోకి ఎక్కుతుంది. కాబట్టి ఏ చెరువులో పట్టిన రొయ్య ఏ పెట్టెలో ఉందో చూపించే లేబుళ్లు, సాఫ్ట్‌వేరు, పట్టుబడికి ముందు శాంపిల్ తీసి పరీక్షించే ల్యాబు సేవ వీటికి అప్పుడే గిరాకీ. క్వాలిటీ మేనేజరుతో మాట్లాడండి, పర్చేజ్ వాళ్లతో తర్వాత. సుంకం మాట మీరు ఎత్తనక్కర్లేదు, ఆయనకు మీకన్నా బాగా తెలుసు. "ఐరోపాకు మొదటిసారి పంపే సరుకుకు శాంపిల్ రిపోర్టు రెండు రోజుల్లో ఇవ్వగలం" అంటే చాలు.

ఒక రకం వార్తను మాత్రం అసలు ముట్టుకోకండి. 2022 ఏప్రిల్‌లో ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో రసాయన ఫ్యాక్టరీ ప్రమాదంలో ఆరుగురు చనిపోయారు. అలాంటి ప్రమాదం జరిగిన మర్నాడు ఫైర్ సేఫ్టీ పరికరాల వాళ్లు ఆ గేటు ముందు కార్డులు పట్టుకుని నిలబడటం వ్యాపారం కాదు. ప్రమాదం తర్వాత అధికారులు మిగతా ఫ్యాక్టరీలన్నిట్లో తనిఖీలు చేస్తారు, లోపాలు రాసి గడువు పెడతారు. ఆ గడువు కాయితం అందుకున్న వేరే ఫ్యాక్టరీ వాళ్లకు నెల తర్వాత ఫోన్ చెయ్యండి. చనిపోయినవాళ్ల ఊసు తేకుండా ఆ కాయితంలో రాసిన లోపాలకు మీ దగ్గరేముందో చెప్పండి.

టీ కొట్టు దగ్గర విన్న మాటల విషయంలో కూడా ఒక హద్దుంది. "మీ లారీ డ్రైవరు చెప్పాడు సార్" అని ఎప్పుడూ అనకండి. ఆ డ్రైవరు ఉద్యోగం పోతుంది, మీ మీద నమ్మకం పోతుంది. లిస్టయిన కంపెనీలో బయటికి రాని సంగతి మీకు సప్లయర్‌గా తెలిస్తే దాన్ని నమ్ముకుని షేర్లు కొనకండి. సెబీ దాన్ని ఇన్‌సైడర్ ట్రేడింగ్ అంటుంది, సప్లయరన్న జాలి దానికుండదు.

ఇంత చదివాక రాసే ఉత్తరం చిన్నదిగా ఉండాలి. చదివిందంతా అందులో కుమ్మరిస్తే అవతలి మనిషికి తనమీద నిఘా పెట్టినట్టనిపిస్తుంది. జంగారెడ్డిగూడెంలో గేర్‌బాక్స్ రిపేరు షాపు ఉన్నవాళ్లు పామాయిల్ మిల్లు మెయింటెనెన్స్ ఇంజనీరుకు ఇలా వాట్సాప్ పంపారనుకోండి:

"నమస్కారం సార్. జంగారెడ్డిగూడెంలో మాది గేర్‌బాక్స్, బేరింగుల షాపండి. జూన్‌లో గెలలు పెరిగేలోపు ప్రెస్సులు విప్పి చూసుకునే పని మీకు ఫిబ్రవరి, మార్చిల్లో ఉంటుందని అనుకుంటున్నాను. ఈ సీజన్లో మిల్లు ఎక్కువ గంటలు ఆడుతుందని మీ కంపెనీ వాళ్లు మొన్న ఇన్వెస్టర్లకు చెప్పినట్టు చదివాను. అర్ధరాత్రి ప్రెస్ ఆగితే గంటన్నరలో మా మనిషి మీ గేటు దగ్గరుంటాడు. ముందు పాత గేర్‌బాక్స్ ఒకటి ఇచ్చి చూడండి. బుధవారం ఉదయం పదింటికి స్టోర్స్ దగ్గరికి రమ్మంటారా?"

వార్త ఇందులో ఒక్క వాక్యమే. మిగతాదంతా ఆయన పని గురించి, ఆయన భయం గురించి. రాత్రి రెండింటికి మిల్లు ఆగి, గేటు ముందు గెలల ట్రాక్టర్లు ఆగి, రైతులు అరుస్తుంటే జవాబు చెప్పాల్సింది ఆ ఇంజనీరే, ఎండీ కాదు. అందుకే ఉత్తరం ఎండీకి రాయలేదు. అడిగింది కూడా పెద్ద కాంట్రాక్టు కాదు, ఒక్క పాత గేర్‌బాక్స్.

కుటుంబ కంపెనీల్లో ఈ వరస కొంచెం మారుతుంది. అక్కడ ఇంజనీరు ఊ అన్నా చివరికి పెద్దాయన చూసి సరే అనాలి. ఆ పెద్దాయన మీకు ఏ పెళ్లిలోనో కనపడతారు. అక్కడ నమస్కారం పెట్టి, మీ ఊరు, మీ నాన్నగారి పేరు చెప్పి ఊరుకోండి. కొటేషను మాట తీస్తే భోజనాల బంతిలో బిల్లు పెట్టినట్టే. వారం తర్వాత ఇంజనీరు మీ కాయితం ఆయన ముందు పెట్టినప్పుడు ఆ పేరు గుర్తుకొస్తుంది.

ప్రతి కంపెనీకి మీ నోటుబుక్కులో ఒక పేజీ పెట్టండి. పైన వార్త, దాని తేదీ. కింద ఆ వార్త వల్ల పని పెరిగిన మనిషి హోదా. దాని కింద మీ లెక్క ప్రకారం డబ్బు కదిలే నెల. అవతలివాళ్లు "ఈ ఏడాది కాదు, వచ్చే సీజన్‌కి చూద్దాం" అంటే చాలామంది దాన్ని మర్యాదగా పంపించేశారనుకుని ఆ పేజీ మూసేస్తారు. సీజన్ ఎప్పుడో తెలిసిన ఊళ్లో ఆ మాట సగం ఆర్డరు. "అలాగేనండి, మరి జనవరి చివర్లో ఫోన్ చెయ్యనా, సంక్రాంతి అయ్యాక?" అని అడిగి, ఆయన అన్న వారాన్ని ఆయన ముందే రాసుకోండి.